అప్‌డేట్ తర్వాత స్క్రీన్ 1024×768 దగ్గరే ఆగిపోతే ఏం చేయాలి?

దేవరకొండలో జిరాక్స్, డీటీపీ సెంటర్ నడుపుతున్న అన్న అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పాత అసెంబుల్డ్ కంప్యూటర్, ఎన్విడియా జీటీ 610 కార్డు, లినక్స్ మింట్ 21 ఆపరేటింగ్ సిస్టమ్. అప్‌డేట్ మేనేజర్‌లో వచ్చినవన్నీ, కొత్త కెర్నల్‌తో (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) సహా, ఎక్కించి రీస్టార్ట్ చేశారు. అప్పటి నుంచి 1920×1080 మానిటర్ 1024×768 దాటడం లేదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఇంకో సైజు కనిపించడం లేదు. శుభలేఖ మీది వినాయకుడు అడ్డంగా సాగిపోయి కనిపిస్తున్నాడు. ఒకరు మానిటర్ పోయిందన్నారు, ఇంకొకరు ఫార్మాట్ కొట్టమన్నారు. లగ్గాల సీజన్లో గిరాకీ ఆగిపోయింది, ఏం చేయాలి?

అన్నా, ముందు టెన్షన్ వదిలేయండి. మానిటర్ బాగానే ఉంది, ఫార్మాట్ అక్కర్లేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే, కొత్త కెర్నల్‌లో మీ కార్డుకు చెందిన డ్రైవర్, అంటే కార్డును నడిపించే ప్రోగ్రామ్, లోడ్ కాలేదు. అందుకే సిస్టమ్ అత్యవసరానికి ఉండే మామూలు డిస్‌ప్లేతో నడుస్తోంది. ఇవాళ్టి పని సాగడానికి ఇలా చేయండి: కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో రాగానే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకోండి. కొంచెం కొత్త బోర్డయితే ఎస్కేప్ కీ ఒకసారి నొక్కాలి. ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పై వరుసలో ఉన్న కొత్త కెర్నల్ కాకుండా దాని కింద ఉన్న పాత నంబర్ కెర్నల్‌ను ఎంచుకోండి. స్క్రీన్ ఎప్పటిలా వస్తే జబ్బు ఎక్కడుందో తేలిపోయినట్టే. ముందు శుభలేఖల పని పూర్తి చేసుకొని, తర్వాత తీరిగ్గా మిగతాది చూడొచ్చు.

ఆ మెనూలో ఒక్క జాగ్రత్త. పక్కన రికవరీ మోడ్ అని రాసి ఉన్న వరుసలను ఎంచుకోవద్దు. ఆ వరుసల్లో నోమోడ్‌సెట్ అనే ఆప్షన్ ముందే చేర్చి ఉంటుంది. దాని పనే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఆపేయడం. రికవరీలోకి వెళ్లి అక్కడి నుంచి రెజ్యూమ్ నొక్కి డెస్క్‌టాప్‌కి వచ్చినా రిజల్యూషన్ చిన్నగానే ఉండొచ్చు. అది చూసి పాత కెర్నల్‌లో కూడా ఇదే గోస అనుకొని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

ఇక కారణం. మీ కార్డుకు ఎన్విడియా ఇచ్చే డ్రైవర్ సిరీస్ 390. దానికి ఆ కంపెనీ సపోర్ట్ 2022 చివరితో ముగిసింది. ఈ డ్రైవర్‌లో ఒక భాగం కెర్నల్ లోపల నడుస్తుంది. కెర్నల్ మారిన ప్రతిసారీ ఆ భాగాన్ని మీ కంప్యూటర్‌లోనే మళ్లీ తయారు చేసుకోవాలి. డీకేఎంఎస్ అనే ప్రోగ్రామ్ ఆ పని వెనకాల చేస్తూ ఉంటుంది. కెర్నల్ లోపలి ఏర్పాట్లు మారుతూ పోతుంటే, ఎప్పుడో ఆగిపోయిన డ్రైవర్ కోడ్ వాటికి సరిపోదు. తయారీ మధ్యలోనే ఫెయిలవుతుంది. అప్‌డేట్ నడుస్తున్నప్పుడు ఆ ఎర్రర్ ఒక క్షణం కనబడి పోతుంది, ఎవరూ చూడరు.

అప్పుడు ఓపెన్ సోర్స్ డ్రైవర్ నూవో అయినా పనిచేయాలి కదా అని మీకు అనిపించవచ్చు. ఎన్విడియా ప్యాకేజీ ఎక్కించినప్పుడే అది నూవోను బ్లాక్‌లిస్టులో పెడుతుంది, రెండూ ఒకే కార్డు కోసం కొట్లాడకుండా. అందుకని సొంత డ్రైవర్ తయారు కాక, నూవోకు అనుమతి లేక, కార్డును నడిపే నాథుడు ఉండడు. కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే బయాస్ ఏ సైజులో స్క్రీన్ పెట్టిందో కెర్నల్ దాన్నే పట్టుకొని నడుస్తుంది. దాన్ని మార్చే శక్తి దానికి లేదు. సెట్టింగ్స్‌లో ఒకే ఒక్క సైజు కనిపించడానికి కారణం ఇదే.

ఏ మందు వేయాలన్నా ముందు ఏ డ్రైవర్ నడుస్తోందో చూడండి. ఇంటర్నెట్‌లో కనబడిన కమాండ్లన్నీ వరుసగా కొట్టేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. మింట్‌లో టైపింగ్ కూడా అవసరం లేదు. మెనూలో సిస్టమ్ రిపోర్ట్స్ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో గ్రాఫిక్స్ అన్న భాగం చదవండి. కార్డు పేరు పక్కన డ్రైవర్ అని ఉంటుంది. అక్కడ ఎన్విడియా, నూవో, ఇంటెల్‌ది అయితే ఐ915, ఏఎండీది అయితే ఏఎండీజీపీయూ లేదా రేడియాన్ అని ఉండాలి. ఎన్/ఏ అని ఉంటే ఏ డ్రైవరూ లోడ్ కాలేదని అర్థం. అదే భాగంలో కింద రెండరర్ దగ్గర ఎల్ఎల్‌వీఎంపైప్ అని కనిపిస్తే బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది. వీడియోలు ఆగి ఆగి రావడం, ఫ్యాన్ మోత పెరగడం కూడా దాని వల్లే.

టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) అలవాటున్నవాళ్లు, స్క్రీన్ సైజులు చూపించే ఎక్స్‌రాండర్ కమాండ్ కొట్టి చూడొచ్చు. దాంట్లో నేను మొదట చూసేది మానిటర్ తగిలించిన పోర్టు పేరు. డిఫాల్ట్ అనో నన్-1 అనో ఉంటే, గామా సైజు తెలియలేదని పైన ఒక ఎర్రర్ లైన్ ఉంటే, లోపం డ్రైవర్‌లో ఉంది. హెచ్‌డీఎంఐ, వీజీఏ, డీవీఐ అని పోర్టు అసలు పేరే ఉండి, సైజులు కూడా నాలుగైదు కనిపిస్తూ 1024×768 దగ్గర ఆగిపోతే డ్రైవర్ లోడ్ అయింది, మానిటర్ సమాచారం అందడం లేదు. ఈ రెండు జబ్బులు పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ వైద్యం పూర్తిగా వేరు. రెండోదాని సంగతి కింద చెప్తాను.

మీ కార్డుకు మూడు దారులున్నాయి.

నాకు అన్నిటికంటే నచ్చేది, కార్డే తీసేయడం. మీ బోర్డు వెనక వీజీఏ లేదా హెచ్‌డీఎంఐ పోర్టు ఉండి, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే మానిటర్ కేబుల్ అక్కడ పెట్టండి. జీటీ 610 కాలంనాటి ఐ3 ప్రాసెసర్లలోని ఇంటెల్ గ్రాఫిక్స్‌కు 1920×1080 చూపించడం కష్టమేమీ కాదు. ఇంటెల్ డ్రైవర్ కెర్నల్‌తో పాటే వస్తుంది కాబట్టి కెర్నల్ మారినప్పుడల్లా మళ్లీ తయారు చేసే బాధ లేదు. శుభలేఖలు, ఫ్లెక్సీ డిజైన్లు, బయోడేటాల పనికి ఆ పాత కార్డు అదనంగా ఇచ్చేది ఏమీ లేదని నా గట్టి నమ్మకం. నల్లగొండలో నేను చూసుకునే షాపుల్లో ఇలాంటి పాత కార్డులను ఇలాగే తీసి పక్కన పెట్టించాను. కరెంటు ఖర్చు కొంత తగ్గింది, వేడి తగ్గింది. కార్డుతో పాటు ఎన్విడియా డ్రైవర్ ప్యాకేజీలను కూడా తీసేయడం మరవద్దు.

రెండో దారి నూవో. బోర్డు మీద పోర్టు లేకపోతే డ్రైవర్ మేనేజర్ తెరిచి, ఎన్విడియా 390 బదులు ఓపెన్ సోర్స్ అని రాసి ఉన్న నూవోను ఎంచుకొని రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే రెండు చోట్ల చూడాలి. ఈటీసీ కింద ఎక్స్11 ఫోల్డర్‌లో స్క్రీన్ సెట్టింగ్స్ ఉండే పాత ఎక్సార్గ్ కాన్ఫ్ ఫైలు మిగిలిపోయి, అందులో ఎన్విడియా డ్రైవరే కావాలని రాసి ఉండొచ్చు. దాన్ని చెరపకుండా పేరు మార్చండి. అలాగే మోడ్‌ప్రోబ్ డీ ఫోల్డర్‌లో నూవోను ఆపే ఫైలు మిగిలి ఉండొచ్చు. దాన్ని తీసేస్తే బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలును కూడా అప్‌డేట్ చేయాలి, లేకపోతే పాత ఆంక్షే బూట్‌లో కొనసాగుతుంది. నూవోతో మీ కార్డు పూర్తి వేగంతో నడవదు. గేములకు పనికిరాదు. ఇంక్‌స్కేప్, స్క్రైబస్, లిబ్రేఆఫీస్‌కు సరిపోతుంది.

మూడోది, పాత కెర్నల్ మీదే ఉండిపోవడం. మింట్ 21కి పునాది ఉబుంటు 22.04. దానితో మొదట వచ్చిన 5.15 కెర్నల్‌కు 2027 ఏప్రిల్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూ కింద లినక్స్ కెర్నల్స్ అని ఉంటుంది. 5.15 ఉంచుకొని, దాంట్లోకి బూట్ అయ్యాక కొత్తది తీసేయండి. మళ్లీ కొత్త సిరీస్ జాబితాలో కనిపిస్తే దాని మీద రైట్ క్లిక్ చేసి ఇగ్నోర్ పెట్టండి. 5.15 లోపలి చిన్న అప్‌డేట్లను మాత్రం ఆపొద్దు, సెక్యూరిటీ వాటితోనే వస్తుంది.

మీలాంటి పాత కార్డులున్న వేరేవాళ్ల కోసం కూడా చెప్తున్నాను. జీ210 లాంటివి 340 సిరీస్, దాని సపోర్ట్ 2019తో అయిపోయింది. జీటీ 710 వంటి కెప్లర్ తరం చిప్పు కార్డులు 470 సిరీస్, అది 2024లో ముగిసింది. జీటీ 730 కొనేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒకే పేరు మీద ఫెర్మీ అనే ఇంకా పాత తరం చిప్పుతో కొన్ని, కెప్లర్ చిప్పుతో కొన్ని అమ్మారు. మొదటివాటికి 390, రెండోవాటికి 470 కావాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో పాత కార్డు తీసుకునేటప్పుడు డబ్బా మీద పేరుతో సరిపెట్టుకోకుండా చిప్పు ఏదో అడిగి తెలుసుకోండి. జీటీఎక్స్ 750, 1050 వంటివాటికి 580 ఆఖరి సిరీస్. అవి ఇవాళ బాగానే నడుస్తున్నా రేపు వాటికీ ఇదే పరిస్థితి వస్తుంది.

కార్డు కొత్తదే, డ్రైవర్ కూడా సరైనదే, అయినా ఎన్/ఏ అని వస్తోందంటే సెక్యూర్ బూట్ చూడాలి. బయాస్‌లో అది ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని మాడ్యూల్‌ను, అంటే డ్రైవర్ భాగాన్ని, కెర్నల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. రీస్టార్ట్‌లో నీలం రంగు తెర వచ్చి పది సెకన్లు ఆగుతుంది. అక్కడ ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకొని, ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. మహబూబ్‌నగర్‌లో ఇంజనీరింగ్ చదివే ఒక అబ్బాయి ఆ నీలం తెర చూసి, ఏదో ఎర్రర్ అనుకొని, కంటిన్యూ బూట్ నొక్కేవాడు. డ్రైవర్‌ను ఎన్నిసార్లు మళ్లీ ఎక్కించినా అక్కడే తప్పిపోయేది. ఫోన్‌లో నీలం తెర ఫొటో పంపించాక సంగతి అర్థమైంది, ఎన్‌రోల్ చేయించగానే కుదిరింది. అతనిది ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉన్న డెస్క్‌టాప్, అంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేవు, అందుకే స్క్రీన్ మొత్తం దెబ్బతింది. ఇంటెల్, ఎన్విడియా రెండూ ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో ఇదే జరిగితే ల్యాప్‌టాప్ తెర మామూలుగానే ఉంటుంది, హెచ్‌డీఎంఐకి తగిలించిన మానిటర్ మాత్రం రాదు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ నిలబడక కంప్యూటర్ ఆగిపోతే, ప్యాకేజీలు సగం ఎక్కి సగం ఎక్కకుండా మిగులుతాయి. మా వైపు ఎండాకాలం ఇది మామూలే. టెర్మినల్‌లో సుడోతో డీపీకేజీ కాన్ఫిగర్ కమాండ్ (sudo dpkg --configure -a) నడిపిస్తే ఆగిన చోటి నుంచి పూర్తి చేస్తుంది. రిజల్యూషన్‌తో పాటు వైఫై, సౌండ్ కూడా ఒకేసారి పోయాయంటే అది కార్డు జబ్బు కాదు. కెర్నల్ మాడ్యూల్స్ ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీ ఎక్కలేదు. ఉబుంటు, మింట్‌లలో చాలా డ్రైవర్లు ఆ ప్యాకేజీలోనే ఉంటాయి. పాత కెర్నల్‌లోకి బూట్ అయి, కొత్త కెర్నల్ నంబర్‌కు సరిపోయే ఆ ప్యాకేజీని ఎక్కిస్తే అన్నీ ఒకేసారి తిరిగొస్తాయి.

ఇంకొక చిన్న కారణం: మొదట లినక్స్ ఎక్కించినప్పుడు నల్ల తెర వచ్చిందని ఎవరైనా గ్రబ్ సెట్టింగ్స్‌లో నోమోడ్‌సెట్ శాశ్వతంగా రాసి ఉండొచ్చు. దాన్ని తీసేసి గ్రబ్ అప్‌డేట్ చేస్తే చాలు.

ఇప్పుడు రెండో జబ్బు. మానిటర్ తన వివరాలను, అంటే ఏయే సైజులు చూపించగలదో, ఈడీఐడీ అనే 128 బైట్ల చిన్న పట్టికగా కార్డుకు చెప్తుంది. వీజీఏ కేబుల్‌లో ఆ మాట 12, 15 నంబర్ పిన్నుల మీదుగా వెళ్తుంది. చవక కేబుళ్లలో కొన్నిటికి ఆ తీగలే ఉండవు. బొమ్మ మాత్రం చక్కగా వస్తుంది, ఎందుకంటే రంగుల తీగలు వేరు. పట్టిక అందకపోతే కెర్నల్ డ్రైవర్లు చాలావరకు ఏ మానిటరైనా తట్టుకోగల 1024×768 దగ్గర ఆగుతాయి.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాంటా గదిలో ఇదే జరిగింది. ఒకే కంప్యూటర్ నుంచి వీజీఏ స్ప్లిటర్ ద్వారా లోపల ఆపరేటర్‌కు ఒక మానిటర్, బయట లారీ డ్రైవర్లకు బరువు కనిపించేలా ఇంకొకటి. గ్రాఫిక్స్ అప్‌గ్రేడ్ తర్వాత రెండూ 1024×768. అందరూ డ్రైవర్‌నే అనుమానించారు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ చూస్తే డ్రైవర్ లక్షణంగా లోడ్ అయి ఉంది. సిస్ కింద డీఆర్ఎం ఫోల్డర్‌లో ఆ పోర్టుకు సంబంధించిన ఈడీఐడీ ఫైలు తెరిస్తే ఖాళీ, సున్నా బైట్లు. మరి అప్‌గ్రేడ్‌కు ముందు ఎలా నడిచింది? ఆ మిల్లుకు మొదట సిస్టమ్ పెట్టినవాళ్లు ఎక్సార్గ్ కాన్ఫ్‌లో మానిటర్ సైజు చేత్తో రాసి పెట్టారు. అప్‌గ్రేడ్‌లో ఆ ఫైలు పక్కకు పోయింది, ఎప్పటి నుంచో ఉన్న కేబుల్ లోపం అప్పుడు బయటపడింది. అలాంటి స్ప్లిటర్లు మొదటి పోర్టుకు తగిలించిన మానిటర్ పట్టికనే కార్డుకు పంపుతాయి. బయటి మానిటర్‌కు వెళ్లే పొడుగు కేబుల్ మొదటి పోర్టులో ఉంది, అందులో ఆ తీగలు లేవు. లోపలి మానిటర్‌ను మంచి కేబుల్‌తో మొదటి పోర్టుకు మార్చగానే రెండూ సరిపోయాయి. డ్రైవర్‌ను ముట్టుకోనే లేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్లు వాడేవాళ్లు కూడా ముందు వాటిని తీసేసి, ఇంకో కేబుల్‌తో చూడండి.

కేబుల్ మార్చే వీలు లేనప్పుడు మాత్రమే ఎక్స్‌రాండర్‌తో కొత్త మోడ్ (స్క్రీన్ సైజు) చేర్చడం అనే పద్ధతి. సీవీటీ కమాండ్‌కు 1920, 1080, 60 ఇస్తే ఒక మోడ్‌లైన్ వస్తుంది. దాన్ని న్యూమోడ్‌తో తయారుచేసి, యాడ్‌మోడ్‌తో పోర్టుకు కలిపి, తర్వాత ఎంచుకోవాలి. ఇది లాగౌట్ అయితే పోతుంది, స్టార్టప్‌లో పెట్టుకోవాలి. 1366×768 మానిటర్లకు సీవీటీ 1368 ఇస్తుంది, అది వెడల్పును ఎనిమిదితో భాగించేలా చూసుకుంటుంది కాబట్టి. వేలాండ్ (ఎక్స్11 బదులు వచ్చిన కొత్త డిస్‌ప్లే వ్యవస్థ) సెషన్‌లో ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ గ్రబ్‌లో కెర్నల్‌కు వీడియో అనే ఆప్షన్ ద్వారా పోర్టు పేరు, సైజు చెప్పాలి. ఇక ఎక్స్‌రాండర్‌లో పోర్టు పేరు డిఫాల్ట్ అని ఉన్న మీ లాంటి కేసులో ఈ కమాండ్లన్నీ వృథా. డ్రైవరే లేనప్పుడు కొత్త మోడ్‌ను అమలు చేసేదెవరు? ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే సలహా ఇదే కావడంతో జనం దీని మీద గంటలు పోగొట్టుకుంటున్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఎన్విడియా సైటు నుంచి డ్రైవర్ ఫైలు దించి నేరుగా నడపొద్దు. మింట్ ప్యాకేజీ మీద ఇంకొకటి ఎక్కి, రెండిటి ఫైళ్లు కలగలిసిపోతే అప్పుడు నిజంగానే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తుంది. పైగా ఆ సైటులోని 390 డ్రైవర్‌కు కొత్త కెర్నళ్ల కోసం చేసిన సవరణలు ఉండవు. ఇంకోటి, స్క్రీన్ సాగినట్టు కనబడుతున్నా మీ డిజైన్ ఫైలులో కొలతలు మారలేదు. ప్రింట్ సరిగ్గానే వస్తుంది. కంటికి సరిపడేలా వినాయకుడిని సన్నగా చేసి సేవ్ చేసి ఉంటే మాత్రం ఆ ఫైలును వెంటనే వెనక్కి మార్చండి.

పాత కెర్నల్‌లో చూసి, అక్కడ కూడా 1024×768 అనే వస్తే నాకు ఈ మూడు రాయండి: సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోని గ్రాఫిక్స్ భాగం మొత్తం, రెండు కెర్నళ్ల నంబర్లు, మానిటర్‌కు కార్డుకు మధ్య ఏ కేబుల్ ఉంది, మధ్యలో కన్వర్టర్ ఏదైనా ఉందా. బోర్డు వెనక పోర్టుల ఫొటో కూడా పెడితే కార్డు తీసేయొచ్చో లేదో చెప్తాను.